అక్క కోసం చేసిన యంత్రం

బరువైన బంతిని దొర్లించి చివరనున్న పిన్నుల్ని పడగొట్టే ఆట ఆడే ఆ బౌలింగ్ హాలులో బంతులు బాగుచేసే గది వెనకవైపు, పిన్నులు నిలబెట్టే యంత్రాల పక్కన ఉండేది. పద్దెనిమిదేళ్ళుగా ఆ గది అక్కది. బంతులు దొర్లే లేన్ల మీద పూసే నూనె పీల్చుకుని, గీతలు పడి, పట్టు తప్పిన బంతులన్నీ ఆమె బల్ల మీదికే వచ్చేవి. బంతిని రబ్బరు చట్రంలో కూర్చోబెట్టి, నీళ్ళు చిలకరించి, ముందు గరుకు ఎమరీ కాగితంతో, తర్వాత సన్నదానితో, ఆపైన ఇంకా సన్నదానితో రుద్దేది. ఒక్కోదానికి ముప్పావు గంట. మధ్యమధ్యలో అరచేత్తో తడిమి, "దీనికింకా అలక తీరలేదు" అంటూ మళ్ళీ మొదలుపెట్టేది.

తమ్ముడు అదే హాలులో మెకానిక్. తల్లి పోయేనాటికి అతనికి ఏడేళ్ళు. స్నానం చేయించడం దగ్గర్నుంచి చదువు చెప్పించడం దాకా అన్నీ అక్కే చూసింది. ఈ ఉద్యోగం కూడా ఆమె చెబితే వచ్చిందే.

ఆ ఏడాది అక్క కుడి భుజం పట్టేసింది. జుట్టు ముడేసుకుందామన్నా చెయ్యి పైకి లేవడం లేదు. రుద్దే పని మానెయ్యమన్నాడు డాక్టరు.

"మానేసి ఏం చెయ్యనురా? ఇంట్లో గోడలతో మాట్లాడనా? మీ బావ పోయాక నా లోకమంతా ఆ గదే కదా," అంది అక్క.

తమ్ముడు మర్నాటి నుంచి డ్యూటీ అయ్యాక గంటసేపు ఉండిపోవడం మొదలుపెట్టాడు. మూలపడ్డ పిన్నుల యంత్రాల్లోంచి మూడు మోటార్లు విప్పాడు. ఒక్కోదానికి గిన్నె ఆకారంలో, ఎమరీ కాగితం అతికించిన ఒక ప్యాడ్ బిగించాడు. మూడింటి మధ్యా బంతి కూర్చుని అన్నివైపులా తిరగాలి, పైనుంచి సన్నగా నీళ్ళు పడాలి. మొదటిసారి మీట నొక్కితే బంతి ఎగిరి తలుపుకి తగిలింది. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

"భుజం ఎలాగూ పోయింది. తలకాయన్నా మిగల్చరా నాయనా."

నాలుగు నెలలకి యంత్రం దారికొచ్చింది. పది నిమిషాల్లో బంతి కొత్తదానిలా బయటికొచ్చింది. అక్క దాన్ని అరచేత్తో నెమ్మదిగా తడిమింది.

"నాకంటే బాగా చేసిందిరా," అంది.

తమ్ముడికి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ సంబరంలో అక్క మొహంకేసి చూడనేలేదు.

వారం తిరక్కుండా మేనేజరు వచ్చాడు. చేతిగడియారం చూసుకుంటూ మూడు బంతులు చేయించాడు.

"బ్రహ్మాండం. మీట నొక్కడానికి నువ్వొక్కడివి చాలవూ?" అన్నాడు తమ్ముడితో. తర్వాత అక్కవైపు తిరిగాడు. "మీక్కూడా విశ్రాంతి కావాలి కదమ్మా. వచ్చే నెల నుంచి ఇంటిపట్టున ఉండండి."

మేనేజరు వెళ్ళగానే తమ్ముడు పానా అందుకున్నాడు. "నేను చేసిందే కదా. నేనే విప్పేస్తా."

అక్క అతని మణికట్టు పట్టుకుంది. "విప్పేస్తే నా చెయ్యి లేస్తుందా? నీ ఉద్యోగం కూడా పోతే ఇద్దరం కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. నా కోసం చేశావని నాకు తెలుసు. అది చాలు. పానా కింద పెట్టు."

అతను పెట్టాడు.

మిగిలిన రోజుల్లో తనకు తెలిసిందంతా అతనికి చెప్పింది. ఏ బంతికి గరుకు కాగితం పనికిరాదో, ఏది ఎక్కువ నూనె తాగుతుందో చూపించింది. "దానికి కళ్ళు లేవు, నువ్వే చూసుకోవాలి," అంది. ఆఖరి రోజున బల్ల తుడిచి, ఏప్రన్ ఉతికి ఆరేసి, వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది. ముందు నుంచి వెళితే అందరికీ వెళ్ళొస్తానని చెప్పాలి.

ఆ తర్వాత ప్రతి ఆదివారం తమ్ముడు ఆమె ఇంటికి వెళ్ళేవాడు. నా వల్లే ఇలా అయిందక్కా, అని ఒక్క మాట అనాలని బయల్దేరేవాడు. గుమ్మం దాటాక ఇంకేవో కబుర్లు చెప్పి వచ్చేసేవాడు. అక్క హాలు ఊసే ఎత్తేది కాదు. టీవీ ఆడుతూ ఉండేది, ఆమె దానివైపు చూసేది కాదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ చేతులు ఊరికే ఉండగా అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఒక ఆదివారం ఎలాగైనా చెప్పెయ్యాలని, "అక్కా," అన్నాడు.

అతని మొహం చూసి ఆమె గబుక్కున లేచింది. "వంటింట్లో సింకు కింద గొట్టం కారుతోందిరా. కాస్త చూడు."

అతను సింకు కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. వదులైన నట్టు ఒక్కటే. రెండు తిప్పులకి బిగుసుకుంది, కారడం ఆగింది. అతను లేవలేదు. మోచేత్తో కళ్ళు కప్పుకుని, నోరు గట్టిగా మూసుకుని, అలాగే ఉండిపోయాడు.

"ఇంకా కాలేదా?" అని అడిగింది అక్క, వంటింటి గుమ్మం దగ్గర నుంచి.

"అయిపోవచ్చిందక్కా."

"తొందరేం లేదు. నిదానంగా చెయ్యి," అంది ఆమె. అక్కడే నిలబడింది, లోపలికి మాత్రం రాలేదు.