ఎంత నీలం

నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని దీపం కింద మెల్లగా వాలుస్తున్నాడు వెండెల్. నాణెం ముఖం మీద వేలు పడకూడదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచు మాత్రమే ఉండాలి. ముందు ఎడమకి, తర్వాత కుడికి, ఆ తర్వాత తనవైపుకి. వెండి మీద వెలుగు గడియారం ముల్లులా తిరగాలి. తిరిగితే నాణెం బతికున్నట్టు. తిరగకుండా ఒకచోటే నిలబడిపోతే, ఎవరో ఎప్పుడో గట్టిగా తోమేశారన్నమాట.

ఈ నాణెం బతికే ఉంది. 1881లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో కొట్టిన వెండి డాలరు. దాని మీది ఆడమనిషి చెంప తెల్లగా ఉంది. చెంప దాటాక మొక్కజొన్న పసుపు, జుట్టు దగ్గర మేపుల్ పాకం రంగు, జుట్టు వెనక బీట్‌రూట్ ఎరుపు. అక్కడి నుంచి అంచుదాకా బూడిద.

అది బూడిద కాదని వెండెల్‌కి తెలుసు. అది నీలం.

పెన్సిలు తీసుకుని కాగితం మీద ‘నీలం’ అని రాశాడు. అంచనా ధర రాయాల్సిన గడి దగ్గర చెయ్యి ఆగింది. చివరికి ‘300 డాలర్లు’ అని రాసి, నాణేన్ని మఖ్మలు పళ్లెంలో పెట్టి తర్వాతిది అందుకున్నాడు.

గంధకం గాలి తగిలిన వెండి ఎప్పుడూ ఒకే వరసలో రంగు తిరుగుతుంది. పొర పలచగా ఉన్నప్పుడు పసుపు, చిక్కబడేకొద్దీ పాకం, ఎరుపు, నీలం, ఆ పైన ఆకుపచ్చ. వరస తప్పదు. పొయ్యి మీద కాల్చి దొంగ రంగులు తెప్పించేవాళ్లు ఎక్కువగా ఈ వరస దగ్గరే దొరికిపోతారు. పదిహేడు నెలలుగా వెండెల్ ఆ వరసనే పట్టుకుని పని చేస్తున్నాడు, చూపు లేనివాడు గోడ పట్టుకుని నడిచినట్టు. ఎరుపు తర్వాత చీకటిగా ఏదైనా కనిపిస్తే అది నీలమే. నీలం అని రాయగలడు. ఎంత నీలమో రాయలేడు.

ధరంతా అక్కడే ఉంది. ఒకే ఏడాది, ఒకే టంకశాల డాలరు తెల్లగా ఉంటే నూట ఇరవైకి పోతుంది. కమిలిన దెబ్బలాంటి నీలమైతే రెండొందలు. జే పిట్ట రెక్కలా నిగనిగలాడే నీలమైతే రెండు వేలు. ‘జే పిట్ట రెక్క’ అనే మాట వెండెల్ పెట్టిందే. మొక్కజొన్న, మేపుల్, బీట్‌రూట్ కూడా అతనివే. ఇప్పుడు దేశమంతా కేటలాగుల్లో అవే మాటలు వాడుతున్నారు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు.

పదిగంటలకి లాయిడ్ బ్రంసన్ తలుపు తోసుకుని వచ్చాడు. చిల్లికోథీ ఊళ్లో ఈ వేలం దుకాణం అతని తండ్రి పెట్టింది. లాయిడ్‌కి నాణేల కన్నా అంకెలంటే ఇష్టం. చేతిలో ఒక కాగితం ఊపుతూ వచ్చి బల్ల మీద పరిచాడు.

“ప్రొఫెసర్, టోపీ తియ్. బంగారు గని దొరికింది మనకి.”

“టోపీ పెట్టుకోలేదుగా.”

“అయితే పెట్టుకుని తియ్. ఇది చూడు. గత నాలుగు వేలాలు. ఎరుపు రంగువి నువ్వు ఎంతన్నావో అంతకే పోయాయి. పసుపువీ అంతే. నీలంవి చూడు. నువ్వు మూడొందలంటే పంతొమ్మిది వందలు. రెండొందలంటే పద్నాలుగు వందలు. ప్రతిసారీ ఆరు రెట్లు, ఏడు రెట్లు. దీన్నేమంటారు?”

వెండెల్ కాగితం వంక చూశాడు. ఏమంటారో అతనికి తెలుసు.

“నీలం లేస్తోందంటారు,” అని లాయిడే జవాబు చెప్పుకున్నాడు. “కేటలాగు మొదటి పేజీకి రాసివ్వు. నీలం డాలర్ల ధరలు ఎలా పెరుగుతున్నాయో. నాలుగింటికి అచ్చుకి పంపాలి.”

“నిజంగా పెరిగినట్టేనంటావా?”

“అంకెలున్నాయి కదయ్యా!”

“నువ్వే రాయకూడదూ?”

“నా పేరు పెడితే మా అమ్మ కూడా కొనదు. నీ పేరుంటే చూసుకోకుండా కొంటారు.” తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. “కాస్త హుషారుగా రాయి. చావు కబురులా రాయకు.”

అతను వెళ్లాక వెండెల్ దీపం ఆర్పి కిటికీ వైపు కుర్చీ తిప్పుకున్నాడు. ఎదురుగా, ఊరి ఇళ్ల పైకప్పుల మీదుగా, కాగితం మిల్లు పొగగొట్టం కనిపిస్తుంది. గత ఏడాది మిల్లు మూసేశారు. అంతకుముందు వందేళ్లకి పైగా ఊరంతా కుళ్లిన గుడ్ల వాసన. కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. ఊళ్లోవాళ్లు “డబ్బు వాసన” అనేవాళ్లు. ఆ గంధకం గాలికే ఇళ్లలో బల్లసొరుగుల్లో దాచుకున్న వెండి డాలర్లు రంగు తిరిగేవి.

పంతొమ్మిదేళ్ల వయసులో వెండెల్ ఈ దుకాణంలో చేరింది నాణేలు కడగడానికి. అప్పట్లో రంగు అంటే మురికి. తెల్లగా మెరిస్తేనే అమ్ముడుపోయేది. రబ్బరు తొడుగులు వేసుకుని, ఘాటైన ద్రావకం ఉన్న గిన్నెలో నాణేన్ని ముంచి, అయిదు లెక్కపెట్టి, నీళ్లలో వేసేవాడు. ఒకటి, రెండు అనేసరికి నీలం పోయేది. మూడుకి ఎరుపు. అయిదుకల్లా తెల్లగా, కొత్తగా, మొహం కడుక్కున్న పిల్లలా ఉండేది. పదకొండేళ్లలో ఎన్ని వేలు కడిగాడో లెక్క లేదు. తర్వాత కాలం తిరగబడింది. రంగున్న డాలరుకి జనం ముందు రెట్టింపు, ఆ తర్వాత పదింతలు ఇవ్వడం మొదలుపెట్టారు. లాయిడ్ తండ్రి గిన్నె పారబోయించి, “ఇన్నాళ్లూ రంగులు నీ అంతగా చూసినవాడు లేడు, ఇకనుంచి వాటి గురించి రాయి” అని కుర్చీ చూపించాడు. కడిగేసినవాడే వర్ణించేవాడయ్యాడు.

కిటికీ గట్టు మీద చిన్న కాగితం కవరు ఉంది. అందులో ఒక డాలరు. చేరిన మొదటి రోజున కడిగిన మొదటి నాణెం అది. గిన్నెలో పడబోయే ముందు దాని వీపు మీది గద్ద చుట్టూ వాన వెలిశాక రోడ్డు మీద నూనె తేలినట్టు రంగులుండేవి. అయిదు లెక్కపెట్టాక ఏమీ లేవు. అతనికి ఆ రాత్రి అన్నం సయించలేదు. మొదటి జీతంలో పన్నెండు డాలర్లు కోయించుకుని దాన్ని తనే కొనుక్కుని, మిల్లు గాలి తగిలేలా కవరు మూత తెరిచి అక్కడ పెట్టాడు. పోయింది మళ్లీ వస్తుందేమో చూద్దామని. కవరు మీద పెన్సిలుతో రాశాడు: ‘1978, తెలుపు.’ దాని కింద ఎన్నో ఏళ్లకొకసారి ఒక్కో వరుస చేరింది. ‘1989, మొక్కజొన్న.’ ‘2002, మేపుల్.’ ‘2015, బీట్‌రూట్.’ ఒకసారి కడిగాక తిరిగి వచ్చిన రంగుకు వేలంలో విలువ లేదు. ఆ సంగతి వెండెల్‌కన్నా బాగా తెలిసినవాళ్లు లేరు.

మధ్యాహ్నం ఓరిన్ టాకెట్ వచ్చాడు. మిల్లు బాయిలరు దగ్గర ముప్పై మూడేళ్లు పనిచేసిన మనిషి. చిన్నప్పుడు వెండెల్‌తో కలిసి బడికెళ్లినవాడు. మిల్లు మూసినప్పటి నుంచి వారానికి రెండుసార్లు తన రొట్టె పొట్లం తెచ్చుకుని వెండెల్ బల్ల దగ్గరే తింటాడు. ఇవాళ పొట్లం విప్పలేదు.

“లాయిడ్ చెప్పాడు. నీలం లేస్తోందట కదా. నువ్వే రాస్తున్నావట.”

“లాయిడ్ నోట్లో నువ్వుగింజ నానదు.”

“స్నేహితుడివి, నాక్కాస్త ముందే చెబితే నీ సొమ్మేం పోయింది? మిల్లు మూసేటప్పుడు చేతిలో పెట్టిన డబ్బు అలాగే ఉంది. మా ఆవిడ డెల్లా పైకప్పు వేయించమని ప్రాణం తీస్తోంది. వానొస్తే పడకగదిలో రెండు బకెట్లు పెడుతున్నాం.”

“వేయించు మరి.”

“పైకప్పు పెరుగుతుందా? వేసిన రోజు నుంచి పాతబడ్డమే. అదే నీలం డాలర్లు కొని రెండేళ్లుంచితే, దాంతో పైకప్పూ వస్తుంది, పైన ఓ గదీ వస్తుంది.”

“ఎంత పెడదామని?”

“అంతా.” ఓరిన్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. తేరుకుని అన్నాడు, “ఆ మిల్లు గాలి మీ డాలర్లకి రంగులద్దింది కదా, నా ఊపిరితిత్తులకీ అద్దే ఉంటుంది. వాటికెంతిస్తావోయ్?”

“దీపం కింద వాల్చి చూడాలి.”

“చూడు చూడు. తోమలేదు, కడగలేదు. అసలు రంగు.”

ఇద్దరూ నవ్వారు. వెండెల్ ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె సగం తిని మడిచి పక్కన పెట్టాడు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ “సాయంత్రం ఫోను చేస్తా” అనే వచ్చింది.

ఓరిన్ వెళ్లాక గోడ బీరువాలోంచి పాత కేటలాగులు దించాడు. పేజీలు తిప్పుతూ, ఇదే ఏడాది, ఇదే టంకశాల, జే పిట్ట రెక్క నీలమున్న డాలర్లు వెతికాడు. ఏడేళ్ల కిందట పంతొమ్మిది వందల యాభైకి అమ్ముడైంది. అయిదేళ్ల కిందట రెండువేల ఇరవైకి. మూడేళ్ల కిందట పంతొమ్మిది వందలు. పోయిన నెల పంతొమ్మిది వందలు. ధర ఎక్కడికీ కదల్లేదు. ఉన్నచోటే కూర్చుని ఉంది. దిగజారింది అతను రాసిన అంచనా. కొనేవాళ్లు అతని మాట చదివి కాదు, పక్కనున్న ఫొటో చూసి పాడుకున్నారు. వాళ్ల కళ్లు బాగానే ఉన్నాయి.

అతని చెల్లెలు ఫెర్న్ అడిగిన నీలం ఉన్ని ఉండకు బదులు నల్లది తెచ్చిచ్చిన రోజున తన చూపు సంగతి మొదటిసారి తెలిసింది. “కళ్లు నెత్తిమీదున్నాయా అన్నయ్యా?” అని ఫెర్న్ నవ్వి, అతని మొహం చూసి నవ్వడం మానేసింది. కొలంబస్ పెద్దాసుపత్రికి వెళ్లి చూపించుకున్నాడు. ఇది కంట్లో అద్దం మసకేసిన జబ్బు కాదు, తీసి కొత్తది పెట్టడానికి. అద్దం వెనకున్న పొరే వాడిపోయింది అన్నాడు డాక్టరు. ముందు నీలం పోతుందన్నాడు. తర్వాత ఏమిటని వెండెల్ అడగలేదు. వరస ఉంటుందని తెలుసు.

ఎవరికీ చెప్పలేదు. పెళ్లి చేసుకోలేదు, ఊరు దాటి బతకలేదు, చేతికి ఇంకో పని రాదు. ఉన్నది ఒక్క చూపు. అది పోయిందని చెప్పాక తనని ఏమని పిలుస్తారో ఊహకి అందలేదు.

మూడున్నరకి కాగితం ముందుకు లాక్కుని రాశాడు. హుషారుగా రాయలేదు. ‘నీలం డాలర్ల ధర ఏడేళ్లుగా మారలేదు. గత నాలుగు వేలాల్లో అంచనాలు తక్కువగా వేసింది నేను. నాకు నీలం కనిపించడం లేదు. నా అంచనాలు చూసి ఎవరూ కొనవద్దు.’ కింద పేరు రాశాడు. తర్వాత ఫోను తీసి ఓరిన్‌కి చేశాడు.

“పైకప్పు వేయించు.”

“ఏం, నీలం లేవట్లేదా?”

“లేవట్లేదు. నేనే పడ్డాను.”

“ఎక్కడ పడ్డావ్? దెబ్బ తగిలిందా?”

“తర్వాత చెబుతాలే. డెల్లాకి చెప్పు, పైకప్పు వేయిస్తున్నానని. ఇప్పుడే చెప్పు, నేను వింటాను.”

అవతల ఓరిన్ కేకేసి చెప్పడం, డెల్లా “ఎవరా పుణ్యాత్ముడు?” అనడం వినిపించాక ఫోను పెట్టేశాడు.

లాయిడ్ కాగితం రెండుసార్లు చదివాడు. కోప్పడతాడనుకున్నాడు వెండెల్. లాయిడ్ కోప్పడలేదు. తన కుర్చీలో కూర్చుని అంకెల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

“ఎప్పటికి బాగవుతుంది?”

“బాగవ్వదు.”

లాయిడ్ మడతపెట్టిన కాగితాన్ని సొరుగులో పడేశాడు. “మొదటి పేజీలో ఏదైనా నాణెం బొమ్మ వేద్దాం,” అన్నాడు. “మాటలు వద్దు. నువ్వు... రేపట్నుంచి కాస్త విశ్రాంతి తీసుకో వెండెల్.” ఇన్నేళ్లలో ప్రొఫెసర్ అనకుండా పేరుతో పిలిచింది తక్కువ.

వెండెల్ తన గదికి వచ్చేసరికి ట్రూడీ అక్కడ పళ్లెంలో నాణేలు ఏరుకుంటోంది. ఆమె నాణేలకి ఫొటోలు తీస్తుంది. ఆరేళ్లయింది చేరి. అతని మొహం చూసి చేతిలోది కింద పెట్టింది.

“చెప్పేశారా?”

“నీకు తెలుసా?”

“నాలుగు నెలలుగా తెలుసు. ఇదివరకు నీలానికి మూడు వాక్యాలు రాసేవాళ్లు మీరు. ఇప్పుడు ‘నీలం’ అని రాసి వదిలేస్తున్నారు.”

“అడగలేదేం?”

“అడిగితే మీరు వెళ్లిపోతారని, పెద్దాయనా.”

వెండెల్ కిటికీ గట్టు మీది కవరు తీసి ఆమెకి ఇచ్చాడు. “దీని వీపు వాల్చి చూడు అమ్మాయ్. ఎరుపు తర్వాత ఏముంది?”

ట్రూడీ దీపం వెలిగించింది. అతను నేర్పినట్టే అంచుల దగ్గర పట్టుకుని ఎడమకి, కుడికి, తనవైపుకి వాల్చింది. “నీలం. సన్నగా, అంచు చుట్టూరా.”

“ఎంత?”

“జే పిట్ట...” అనబోయి ఆగింది. మళ్లీ వాల్చింది. చాలాసేపు చూసింది. “గ్యాసు పొయ్యి వెలిగించగానే, గిన్నె పెట్టకముందు, ఒక్క క్షణం మంట కుదురుగా నిలబడుతుంది చూడండి. అంత నీలం.”

వెండెల్ కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తలూపాడు.

“ఆ మాట ఉంచుకో. జే పిట్ట పాతబడిపోయింది.”

కోటు వేసుకున్నాడు. భూతద్దం సొరుగులో పెట్టి సొరుగు మూశాడు. ట్రూడీ కవరు చేతికివ్వబోతే, అక్కడే ఉండనీ అన్నట్టు గట్టు వైపు చూపించి, “ఫెర్న్ ఎదురుచూస్తుంటుంది” అని వెళ్లిపోయాడు. రోజూ వెళ్లేటప్పుడు అనే ‘రేపు కలుద్దాం’ ఇవాళ అనలేదు.

ట్రూడీ నాణేన్ని కవరులో వేసి, మూత తెరిచే ఉంచి, ఎప్పటిలాగే పొగ లేని పొగగొట్టం వైపుకి తిప్పి గట్టు మీద పెట్టింది. కవరు మీద అతని పెన్సిలు రాత నాలుగు వరుసలుంది. ‘బీట్‌రూట్’ కింద ఇంకొక్క వరుస పట్టేంత చోటు ఖాళీగా ఉంది.