ముక్కురాజు తల ఊపాడు

ముక్కురాజుకు వాసన తెలియడం మానేసి ఆ ఆదివారానికి తొమ్మిది వారాలు. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసని అతని నమ్మకం. ఒకరు తను, రెండోవారు తన భార్య. ఆవిడకైనా అతను నోరు విప్పి చెప్పలేదు. వాసన పోగొట్టిన ఆ జ్వరం తగ్గిన రెండో రోజు పొద్దున స్టవ్ మీద పాలు అడుగంటి, మాడి, ఆ మాడు వాసన వీధి గుమ్మం దాకా కొడుతుంటే, ఈయనగారు స్టవ్‌కి వీపు పెట్టి నిమ్మకు నీరెత్తినట్టు పేపరు చదువుకుంటున్నాడు. ఆవిడ తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది. కాసేపు అతని మొహం వంక చూసింది. అప్పుడు ఇక దాచలేకపోయాడు.

ఓనరుకి చెప్పేయండి, సెలవు పెట్టండి, డాక్టరుకి చూపించుకోండి అని ఆవిడ చెవినిల్లు కట్టుకుని పోరింది. వాసన తిరిగొచ్చాక చెబుతానన్నాడు. తిరిగొచ్చాక ఇంక చెప్పడానికి ఏముంటుందో ఆయనకే తెలియాలి.

మామూలు మనిషికి ముక్కు పోతే కూర మాడుతుంది, అంతే. ఇతనికి అలా కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఒక చిన్న బీరు ఫ్యాక్టరీలో బీరు కాచే పని అతనిది. వెనక షెడ్డులో మనిషికి రెండింతల ఎత్తు ట్యాంకులు ఐదు, ముందు గదిలో జనం కూర్చుని తాగడానికి కుళాయిలు ఆరు. బార్లీ ఎంత నానిందో, వేడి ఎంతుందో చెప్పడానికి మీటర్లున్నాయి. కానీ ఆ బీరు మనుషుల నోటికి చేరాలా, కాలవలోకి పోవాలా అన్నది మాత్రం ముక్కురాజు ముక్కు చెప్పాలి. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని తల ఊపితే బయటికి, అడ్డంగా ఊపితే ట్యాంకు మొత్తం కాలవలోకి. ఓనరు ఒక్కసారీ కిమ్మనలేదు. అసలు పేరు మరుగున పడి ముక్కురాజన్న పేరు మిగలడానికి కారణం అదే. ఆ పేరు పోతే తన దగ్గర ఇంకేం మిగలదని అతని భయం. ఆ భయంతోనే తొమ్మిది వారాల్లో ఆరు ట్యాంకులకు, గోడను వాసన చూసినట్టు వాసన చూసి, తల ఊపేశాడు.

ఇక ఆదివారాల సంగతి. మధ్యాహ్నం కొట్టు మూసి ఉంటుంది. ఆ సమయానికి ముందు గదిలో నలుగురు చేరతారు: ముక్కురాజు, అతని బావమరిది, ఒక పళ్ళ డాక్టరు, ఒక లెక్కల మాస్టారు. బీరంటే ప్రాణం పెట్టే మనుషులు. తాగి తూలే బాపతు కాదు, గుక్కెడు తాగి గంట వాదించుకునే బాపతు. మాస్టారికి విదేశాల సీసా అయితేనే బీరు. సీసాల మీది లేబుళ్ళు నీళ్ళలో నానబెట్టి ఊడదీసి నోటుపుస్తకంలో అంటించుకుంటాడు. డాక్టరు నల్లబీరు మనిషి. కాఫీలా చేదుగా ఉండాలి, నాలిక మీద మాడిన రొట్టె రుచి మిగలాలి, లేకపోతే మొహం చిట్లిస్తాడు. లిఫ్టులు బాగుచేసే బావమరిదిది మాత్రం ఒకటే పాట. తన బావ కాచిందే బీరు, మిగతావన్నీ సముద్రాలు దాటి వచ్చిన ఉత్త నీళ్ళు. నీ లిఫ్టులాగే నువ్వూ ఒకే గోతిలో పైకీ కిందికీ తిరుగుతావని మాస్టారు వెక్కిరించేవాడు.

వాళ్ళకో పద్ధతుంది. ఒకసారి మాస్టారు ఏదో విదేశీ బీరును అరగంట పొగిడి పొగిడి పెట్టాడు. తీరా చూస్తే ఆ సీసాలో డాక్టరు పోసి తెచ్చింది ముక్కురాజు కాచిన సరుకే. మాస్టారు పప్పులో కాలేశాడని నెలంతా నవ్వుకున్నారు. ఆ రోజు నుంచి పేరు కనబడకూడదు, రంగూ కనబడకూడదు అని నియమం పెట్టుకున్నారు. గ్లాసులకు బయట నల్లరంగు పూయించారు. కుళాయిల పిడులకు నల్లగుడ్డ సంచులు తొడుగుతారు. ఇంకో నియమం, అందరికంటే ముందు ముక్కురాజు వాసన చూడాలి. ఒక ఏడాది చెడిపోయిన పీపా ఒకటి తాగి నలుగురికీ కడుపులు పాడయ్యాక వచ్చిన నియమం అది. అతను తల ఊపేదాకా ఎవరూ గ్లాసు ఎత్తరు. ఊపాక కూడా డాక్టరు మళ్ళీ తనూ వాసన చూసుకుంటాడు. మాస్టారు ముందు పుస్తకంలో నంబరు రాసుకుంటాడు. బావమరిది మాత్రం ఎత్తిన గ్లాసు ఎత్తినట్టే గుక్క వేస్తాడు. బావ ముక్కు పాస్ చేశాక తన ముక్కుతో పనేంటని అతని వాదన.

ఈ తొమ్మిది వారాలూ ముక్కురాజును గట్టెక్కించింది ఆ బావమరిదే. గుక్క దిగీ దిగకముందే "లవంగం తగుల్తోంది బావా, వెనకాల మగ్గిన అరటిపండు" అని అరిచేసేవాడు. అది గోధుమ బీరని ముక్కురాజుకు అర్థమైపోయేది. "ఊఁ, అరటిపండు కొంచెం ఎక్కువే మగ్గింది" అని గంభీరంగా అనేవాడు. మాస్టారు కళ్ళకద్దుకుని రాసుకునేవాడు. ఇదివరకు తొందరపడి వాగుతాడని బావమరిదిని తిట్టిన నోటితోనే, వీడి నోటికి తాళం లేకపోవడం నా అదృష్టం అని ముక్కురాజు లోలోపల దండం పెట్టుకునేవాడు.

ఆ ఆదివారం ఓనరు కూడా వచ్చాడు. ఊరికే రాలేదు. కిందటి నెల పంపిన పీపాలు రెండు తిరిగొచ్చాయి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తోందని ఫిర్యాదు. అట్లాంటి వాసన ముక్కురాజు దాటిపోనివ్వడం పద్దెనిమిదేళ్ళలో లేదు. "నీ ముక్కుకేమైందయ్యా" అని ఓనరు నవ్వుతూనే అడిగాడు గానీ కళ్ళు నవ్వలేదు. ఈసారి పోసేది నేనే, నువ్వు చెప్పేది నేను వింటాను అన్నాడు. మూడు విదేశీ పీపాలు, ఒకటి మనది, ఏది ఏదో చెప్పాలి. ముక్కురాజుకు నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఈ పూట గడిస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు.

ఆదివారం పొద్దున పైపులు కడిగే రోజు కూడా. దానికొక ఆవిడుంది, అందరూ పైపులావిడనే పిలుస్తారు. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, ఒంటి మీద పడితే చర్మం లేచిపోయే మందును పైపుల్లోకి ఎక్కించి, కొంతసేపు నాననిచ్చి, నీళ్ళతో కడిగేస్తుంది. మందు ఇంకా పైపులో ఉందంటే ఆ కుళాయి పిడికి ఎర్రగుడ్డ కడుతుంది. ఆ రోజు ఐదో కుళాయి పీపా ఖాళీ, ఎవరికీ పని లేదు. దాని పైపులో మందు నాననిచ్చి, ఎర్రగుడ్డ కట్టి, అన్నం తినడానికి వెనక్కి వెళ్ళింది. తరువాత ఓనరు వచ్చి ఆరు పిడులకూ నల్లసంచులు తొడిగాడు. తొడిగే తొందరలో ఎర్రగుడ్డను చూసుకోలేదు. అది సంచి కిందికి పోయింది.

మొదటి మూడు గ్లాసులూ ఇబ్బంది లేకుండా గడిచాయి. బావమరిది లవంగమన్నాడు, తరువాత నారింజ తొక్కన్నాడు, ఆ తరువాత బెల్లం పాకమన్నాడు. ముక్కురాజు ఆ మాటలకే కాస్త మెరుగుపెట్టి వాటి దేశాలు చెప్పాడు. మూడూ కరెక్టే. ఓనరు మొహం కొంచెం తేటపడింది.

నాలుగో కుళాయికి వెళ్ళినప్పుడు ఓనరు లెక్క తప్పాడు. అన్నీ ఒకే తీరు సంచులు. ఐదోది తిప్పాడు. నురగ సరిగా రాలేదు, గ్యాస్ తగ్గిందనుకున్నాడు. ఆ మందు వాసన ఆదివారం నాడు ఆ గదంతా ఉండేదే. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. గ్లాసులో ముక్కు పెడితే మాత్రం పిల్లవాడికైనా తెలిసిపోతుంది. ముక్కు పెట్టేది ముక్కురాజే కదా.

పెట్టాడు. ఎప్పటిలాగే గోడ. ఇంకోసారి గట్టిగా పీల్చాడు. ముక్కు లోపల ఎక్కడో చురుక్కుమంది. కళ్ళలో సన్నగా నీళ్ళు తిరిగాయి. తొమ్మిది వారాల్లో ఆ ముక్కులో ఏదో ఒకటి జరగడం అదే మొదలు. వచ్చింది, తిరిగొచ్చింది అనుకున్నాడు. ఇది మనదే అయ్యుంటుంది, బీరుకు చేదెక్కించే మన హాప్స్ పువ్వుల ఘాటే ఇది అనుకున్నాడు. తల ఊపాడు. పాపం, అంత నిజాయితీగా ఊపి చాలా కాలమైంది.

"ఏం వాసనయ్యా?" అని ఓనరు వెంటనే అడిగాడు. ఈసారి ఎవరినీ తాగనివ్వకుండా ముందే అడిగాడు. ముక్కురాజు నోరు తెరిచాడు. ఆ చురుకు తప్ప పేరు పెట్టదగ్గ వాసనేదీ లేక మాట రాలేదు. ఒక్క క్షణం అందరూ అతని మొహంలోకే చూస్తున్నారు. బావమరిది కూడా చూశాడు. చూసి, గబుక్కున గ్లాసెత్తి పెద్ద గుక్క వేశాడు.

అతను అరవలేదు, అరవడానికి గొంతు లేదు. గ్లాసు జారిపోయింది. రెండు చేతులతో మెడ పట్టుకుని బల్ల మీద వాలిపోయాడు. పళ్ళ డాక్టరే ముందు లేచాడు. తన గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకోబోయి మూరెడు దూరంలోనే విసిరికొట్టాడు. వాంతి చేయించకండి, నోరు కడగండి, అంబులెన్సు పిలవండి అని కేకలు వేశాడు. ముక్కురాజు నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడ్డాడు గానీ ఎవరికివ్వాలో తెలియలేదు.

ఆసుపత్రిలో సాయంత్రానికి డాక్టర్లు చెప్పింది ఇదీ. ప్రాణానికి భయం లేదు. నోరు, నాలిక, గొంతు, అన్నం దిగే గొట్టం కాలిపోయాయి. కొన్ని నెలలు ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపాలి. మాట ఎప్పుడొస్తుందో చెప్పలేం. రుచులు మళ్ళీ ఎప్పటికీ తెలియకపోవచ్చు.

వరండాలో మాస్టారు లెక్క తేల్చేశాడు. ముక్కురాజంతటివాడు వాసన చూసి తల ఊపాడంటే దానికి వాసనే లేదన్నమాట. వాసన లేదంటే అది రోజూ వాడే మందు కాదన్నమాట. పైపులావిడ ఏదో మార్చి పోసి ఉంటుంది. ఓనరుకు ఆ లెక్క బాగా నచ్చింది. లెక్క తప్పి కుళాయి తిప్పింది తనే కదా మరి. పోలీసులు వస్తే అదే చెబుదాం, ఆవిడను రేపటి నుంచి రానివ్వను అన్నాడు. ఆవిడ ఆ చివర బెంచీ మీద కూర్చుని ఉంది. తొడుగులు ఇంకా చేతిలోనే ఉన్నాయి. గుడ్డ కట్టాను తల్లీ, కట్టాను అని వచ్చిన ప్రతి నర్సుకీ చెబుతోంది. పళ్ళ డాక్టరు ముక్కురాజు పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"నాకు మూరెడు దూరానికే కళ్ళు మండాయి. నువ్వు గ్లాసులో ముక్కు ముంచావు. నీకేం వాసన వచ్చింది?" అన్నాడు మెల్లిగా.

అప్పుడే ముక్కురాజు భార్య వచ్చింది. భర్త వంక ఒకసారి చూసి, తమ్ముడి గదిలోకి వెళ్ళింది. వెనకాలే అతనూ వెళ్ళాడు.

బావమరిది మూతి చుట్టూ కట్టు, ముక్కులో గొట్టం. చేతి కింద చిన్న పుస్తకం, పెన్సిలు పెట్టారు. బావను చూడగానే పెన్సిలు అందుకుని రాశాడు. రాసింది తిప్పి చూపించాడు.

"ఎవరికీ చెప్పకు బావా. నాకూ వాసన రాలేదని రాసిస్తా."

ముక్కురాజు రెండుసార్లు చదివాడు. తల తిప్పి భార్యను చూశాడు.

"వీడికి తెలుసా?"

"పాలు మాడిన రోజే చెప్పాను. మీరెలాగూ నోరు విప్పరు. బావ నలుగురిలో నవ్వులపాలు కాకుండా కాస్త వాసనలు అందిస్తుండరా అన్నాను." ఆవిడ తమ్ముడి దుప్పటి సరిచేసింది. "నేనే అన్నాను."

అప్పుడు గుర్తొచ్చాయి ముక్కురాజుకు, లవంగం బావా, నారింజ తొక్క బావా, బెల్లం పాకం బావా. తొమ్మిది ఆదివారాలు. వీడి నోటికి తాళం లేదనుకున్నాడు తను. ఇందాక మాట రాక తను నిలబడిపోయినప్పుడు వాడు గ్లాసెత్తింది బీరు కోసం కాదు, తనకో మాట అందిద్దామని. సిగ్గూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చి మంచం ఊచ పట్టుకున్నాడు. బావమరిది పుస్తకాన్ని ఇంకా అలాగే ఎత్తి చూపిస్తున్నాడు. ముక్కురాజు ఆ కాగితం చింపి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వరండాలోకి వచ్చి ఓనరు ముందు నిలబడ్డాడు. తనకు వాసన తెలియక తొమ్మిది వారాలైందని చెప్పాడు. ఆరు ట్యాంకులు ఉత్తినే తల ఊపి పంపించేశానని చెప్పాడు. అది రోజూ వాడే మందేనని, ఆవిడ తప్పేం లేదని, ఆ కుళాయి సంచి తీసి చూస్తే ఎర్రగుడ్డ దాని కిందే ఉంటుందని చెప్పాడు. మాస్టారు పుస్తకం మూసుకున్నాడు. ఓనరు షెడ్డు తాళాలివ్వమని చెయ్యి చాపాడు. ముక్కురాజు ఇచ్చేశాడు.

పైపులావిడ బెంచీ మీంచి లేచి దగ్గరికి వచ్చింది. ఆవిడ మొహంలో కోపం లేదు, అర్థంకాకపోవడమే ఉంది.

"వాసన తెలియలేదు సరేనండీ. మరి తల ఎందుకు ఊపారు?"

"చురుక్కుమందమ్మా. నా ముక్కు నాకు తిరిగొచ్చిందనుకున్నాను" అన్నాడు ముక్కురాజు. "సంతోషంతో ఊపాను."

ఆవిడ తొడుగులు సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.