బెల్లం వారింటి దొర

బెల్లం చక్రధర్ దేశంగాని దేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో కొత్త ఉద్యోగంలో చేరకముందే లాయరు దగ్గరికెళ్లి, ఇంటిపేరు మార్పించుకుని ఇంగ్లీషువాళ్లలా బెల్లమీ అయిపోయాడు. అంతటితో ఊరుకున్నా బావుండేది. ఆ పేరుగల ఘనులందర్నీ ఇంటర్నెట్‌లో వెతికి, ఇంటికొచ్చినవాళ్లకల్లా ఏకరువు పెట్టేవాడు. ఒకాయన ఫుట్‌బాల్ ఆటగాడు, ఒకాయన మొక్కల శాస్త్రవేత్త, ఇంకొకడు మూడొందల ఏళ్లనాటి ఓడల దొంగ.

"దొంగని కూడా చుట్టాల్లో కలిపేసుకున్నారా?" అంది భార్య సుస్మిత.

"పేరున్న దొంగ!" అన్నాడు చక్రధర్.

ఇప్పుడు కూతురు దీక్షిత ఇంటిపేరు కూడా మార్చాలని పట్టుపట్టాడు. తల్లి సంతకం కావాలి. సుస్మిత ఇవాళా రేపూ అని నెట్టుకొస్తోంది.

ఇంతలో లండన్ నుంచి అతని ఆఫీసుకి అసలు బెల్లమీ ఒకాయన మేనేజరుగా వచ్చాడు. చక్రధర్ ఆయన్ని ఆదివారం పుంగ్గోల్ పేటలోని తమ ఫ్లాట్‌కి భోజనానికి పిలిచి, సుస్మిత చేత ఉప్పూ కారం లేని కోడిని కాల్పించాడు. ఘనుల చిట్టా అంతా విన్నాక దొర మర్యాదగా అడిగాడు, "మరి మీకీ పేరెలా వచ్చింది?"

"మా ముత్తాత ఇంగ్లీషాయనే. రైల్వే ఇంజనీరు. మా తాతమ్మని..." అంటూ చక్రధర్ ముసిముసిగా నవ్వాడు.

సుస్మిత చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ తాతమ్మ అనకాపల్లిలో మొగుడితోపాటు పొయ్యి ముందు నిలబడి బెల్లం వండిన మనిషి. సుస్మిత ఇన్నాళ్లూ తన మొగుణ్ణి వెర్రివాడనుకుంది. వెర్రివాడు కాదు, నీచుడు.

"అబద్ధం," అంది దొరతో ఇంగ్లీషులో. "బెల్లం అంటే చెరుకురసం కాచి చేసేది. వీళ్ల ముత్తాత అదే అమ్మాడు. మధ్యలో ఏ ఇంగ్లీషువాడూ లేడు."

దొర మొహం కందిపోయింది. "మా నాన్న బస్సు డ్రైవరు. మీరు చెప్పినవాళ్లెవరూ మాకూ ఏమీ కారు," అని నాలుగు ముద్దలు తిని లేచిపోయాడు.

"సో ఎంబరాసింగ్ లా, నాన్నా!" అంది బల్ల చివర కూర్చున్న దీక్షిత, అక్కడి పిల్లల యాసలో.

తలుపు మూయగానే చక్రధర్ పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. "నా పరువు తీశావు!"

"దొర మెప్పు కోసం తాతమ్మ పరువే తీసినవాళ్లు, మీకింకా పరువేమిటండీ? పిల్ల పేరు జోలికొస్తే మర్యాద దక్కదు."

అతను మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆఫీసులో మాత్రం ఇప్పటికీ బెల్లమీయే. లిఫ్టులో ఎదురైతే దొర పలకరించకుండా ఫోను చూసుకుంటున్నాడని ఓ సాయంత్రం దిగులుగా చెప్పుకున్నాడు.

సుస్మిత టీవీ సౌండు పెంచింది.