గీత మీద పడ్డ బంతి

ఆవిడని క్లబ్బులో అందరూ బ్రేకమ్మ అంటారు. డ్రైవింగ్ స్కూల్లో టీచరు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర విడిగా బిగించిన బ్రేకు మీద పాదం పెట్టుకుని, పొద్దస్తమానం ఎవరెవరి తప్పులకో తను బ్రేకులు తొక్కుతూ బతుకుతుంది. కారుకి రెండు బ్రేకులున్నాయి గానీ మా మరదలి నోటికి ఒక్కటీ లేదని ఆవిడ అక్క మొగుడు, బావగారి వేళాకోళం. ఆ పేరు పెట్టిందీ ఆయనే.

రోజు మొత్తంలో సాయంత్రం ఒక్క గంట ఆవిడది. కారు షెడ్డులో పెట్టి ఇంటికి వెళ్ళే లోపు, ఎర్రమట్టి టెన్నిస్ కోర్టులో ఆ గంట. ఇంటికి వెళితే అత్తగారి మందులు, మొగుడి అలకలు, కూతురి పరీక్షలు క్యూ కట్టి ఉంటాయి. కోర్టులో ఎవరూ ఆవిడని ఏమీ అడగరు. బంతి వస్తుంది, కొడుతుంది, అంతే. ఆ గంటే లేకపోతే ఎవర్నో ఒకర్ని కరిచి ఉండేదాన్నని ఆవిడే చెబుతుంది. నవ్వుతూ మాత్రం కాదు.

అలాంటి క్లబ్బు మూతపడే రోజొచ్చింది. స్థలం యజమాని లీజు పొడిగించాలంటే పెద్ద మొత్తం ఒక్కసారే కట్టమన్నాడు. లేదంటే కార్ల పార్కింగుకి ఇచ్చేస్తానన్నాడు. క్లబ్బు సెక్రటరీ బావగారే. ఊళ్ళో సగం మంది ముక్కుల మీద ఆయన అమ్మిన కళ్ళజోళ్ళే ఉంటాయి. ఆయన పిలుపుతో మెంబర్లంతా నడుం కట్టారు. పాత బట్టలు అమ్మారు, కేకులు అమ్మారు, ఆదివారాలు రోడ్డు పక్కన నిలబడి కార్లు కడిగారు. పళ్ళ డాక్టరు మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి ఎవరిదో టైరు తోముతుంటే, ఆయన పేషెంటే కారు దిగి, "డాక్టరుగారూ, వెనక చక్రానికి పాచి పోలేదండీ" అన్నాడు. బ్రేకమ్మ ఆదివారం క్లాసుల ఫీజంతా చందాల డబ్బాలో వేసింది. ఇంత చేసినా సగం దగ్గరే ఆగిపోయారు.

అప్పుడు దిగాడు టైల్సాయన. ఊళ్ళో కొత్త ఇల్లు ఎవరు కట్టుకున్నా నేల మీద పరిచేది ఆయన షోరూం టైల్సే. మిగతా సగం నేనిస్తానన్నాడు. ఒకటే కోరిక. ఆదివారం పొద్దున టిక్కెట్టు పెట్టి ఒక మ్యాచ్ ఆడిద్దాం, మీలో బాగా ఆడేవాళ్ళతో నేను ఆడతాను, అయ్యాక అందరి ముందూ చెక్కు ఇస్తాను. గెలుపు ఓటముల సంగతే లేదు. "నన్ను చూసి తగ్గి ఆడొద్దండోయ్!" అని కూడా అన్నాడు. ఆ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత ఎవరికీ గుర్తులేదు.

"నువ్వే ఆడాలి మరదలా," అన్నాడు బావగారు. "గెలువు. కానీ కాస్త చూసుకుని గెలువు."

"చూసుకోవడమంటే?"

"అంటే... ఆయన మొహం చూసుకుని."

"నేను బంతిని చూస్తాను బావా. మొహాలు చూసే వ్యాపారం నీది," అందావిడ. అక్క పక్కనే ఉండి పకపకా నవ్వింది.

ఇక్కడ ఆ క్లబ్బు పద్ధతి ఒకటి చెప్పాలి. అక్కడ అంపైరు ఉండడు. ఎవరి వైపు బంతి పడితే వాళ్ళదే మాట. గీతకి లోపలో బయటో వాళ్ళే చెప్పాలి, ఎదుటివాళ్ళు నమ్మాలి. మట్టి కోర్టు కాబట్టి బంతి పడ్డచోట గుర్తు మిగులుతుంది. అనుమానమొస్తే వెళ్ళి గుర్తు చూస్తారు. చూడకముందే ఎవరైనా ఆ గుర్తుని కాలితో చెరిపేస్తే పాయింటు వదులుకున్నట్టే లెక్క. బ్రేకమ్మకి రాకెట్ పట్టుకోవడం కంటే ముందు ఈ ముక్కే నేర్పాడు బావగారు. "ఆట తర్వాత వస్తుంది. ముందు నీ మీద నువ్వు తీర్పు చెప్పుకోవడం రావాలి" అనేవాడు. ఆ ఒక్క మాటకే ఆవిడకి బావగారంటే ఎంతో గౌరవం.

ఆదివారం జనం బాగానే వచ్చారు. టైల్సాయన తెల్లటి బట్టల్లో, కొత్త బూట్లలో మెరిసిపోతున్నాడు. ఆట మరీ తీసిపారేసేది కాదు, కానీ పరుగు తక్కువ. బ్రేకమ్మ మొదటి గేములు తేలిగ్గా గెలిచింది. నాలుగో గేములో ఆవిడ కొట్టిన బంతి గీతకి జానెడు లోపల పడింది.

"అవుట్," అన్నాడాయన.

ఆవిడ ఆగి చూసింది. పోనీలే, ఎండ కళ్ళలో పడి ఉంటుందనుకుంది. కాసేపటికి ఇంకోటి. "అవుట్!" తర్వాత ఇంకోటి. ఎండ ఎప్పుడూ ఆవిడ బంతుల మీదే పడుతుందా? ఒళ్ళు మండుతున్నా పళ్ళ బిగువున ఓర్చుకుంది. క్లబ్బు కోసం, తన గంట కోసం. రోజుకి ఎంతమంది క్లచ్చు అనుకుని బ్రేకు తొక్కుతారు, వాళ్ళని భరించడం లేదూ? అనుకుంది.

ఒక్క సెట్టు మ్యాచే, అది చివరికొచ్చింది. ఇంకొక్క పాయింటు వస్తే సెట్టు ఆవిడది. బలమంతా పెట్టి మూలకి కొట్టింది. బంతి సరిగ్గా గీత మీద పడింది. గీత మీది సున్నం చిట్లి దుమ్ము లేచింది. ఆయన అటు తిరిగి చూసి, "అవుట్" అన్నాడు.

"గుర్తు చూద్దామండీ," అంటూ ఆవిడ నెట్ దాటి వస్తోంది. ఆవిడ వచ్చే లోపు ఆయన కొత్త బూటుతో, సిగరెట్టు పీక నలిపినట్టు, ఆ గుర్తుని రుద్దేశాడు.

"చెరిపేశారుగా! ఇక ఈ పాయింటు నాదండీ. ఇక్కడి పద్ధతి ఇంతే," అందావిడ, గొంతు అదుపులో పెట్టుకుని.

"పద్ధతులు నాకు తెలీవమ్మా. బంతి బయట పడింది. కావాలంటే మీ వాళ్ళనే అడగండి," అన్నాడు.

సరిగ్గా ఆ గీతకి ఎదురుగా, రెండు బారల దూరంలో, ముందు వరసలో కూర్చున్నాడు బావగారు. ఊరందరికీ చూపు సరిచేసే మనిషి. పక్కనే పళ్ళ డాక్టరు. వెనక మెంబర్లంతా. బ్రేకమ్మ ధీమాగా అటు తిరిగింది.

"చెప్పు బావా."

బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"అవుటే అనుకుంటా," అన్నాడు.

"అనుకోవడం కాదు. చూశావా లేదా?"

"అవుటేనమ్మా."

"అవుటే, అవుటే," అన్నాడు పళ్ళ డాక్టరు. వెనకనుంచి ఇంకో గొంతు, దాని వెనక ఇంకోటి. తిలాపాపం తలా పిడికెడు పంచుకున్నారు. అక్క మాత్రం ఏమీ అనకుండా చేతిసంచీలో ఏదో వెతుక్కుంటోంది.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో బ్రేకమ్మకి అప్పుడు తెలిసింది. టైల్సాయన మీద కాదు. ఆయన పరాయివాడు, ఆడంబరం మనిషి, ఆయన బుద్ధి ఆయనది. వీళ్ళు? గీతకి వెంట్రుకవాసి తగిలినా ఎదుటివాడికి పాయింటు ఇచ్చేసి, దాని గురించి వారం రోజులు గొప్పలు చెప్పుకునేవాళ్ళు కదా! అబద్ధమాడమని వాళ్ళని ఎవరూ అడగలేదు. చెక్కు చింపేస్తానని ఆయన అననైనా లేదు. ఎవరూ అడక్కుండానే, ఎందుకైనా మంచిదని, ముందే వంగి నిలబడ్డారు.

ఆవిడ వెనక్కి వెళ్ళింది. తర్వాత ఆయన కొట్టిన బంతి బేస్‌లైన్‌కి నాలుగడుగులు అవతల పడింది.

"ఇన్!" అందావిడ గట్టిగా. "మంచి షాటండీ. మీదే పాయింటు."

జనం నవ్వారు. తర్వాతి బంతి ఎగిరి వెళ్ళి వెనక కంచెకి తగిలింది. "ఇన్!" తర్వాతిది నెట్ కింద చచ్చి పడింది. "అది కూడా ఇన్నేనండీ!" ఇంకోటి క్లబ్బు రేకుల కప్పు మీద పడి దొర్లింది. "అబ్బ, ఏం కొట్టారండీ! గీత మీదే పడింది." నవ్వులు తగ్గుతూ వచ్చాయి. టైల్సాయన మొదట తెల్లబోయాడు, తర్వాత ఆవిడ మొహంలోకి అనుమానంగా చూశాడు. అప్పుడే ముందు వరసలోంచి పళ్ళ డాక్టరు చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్ళూ అందుకున్నారు. ఇంతమంది చప్పట్లు కొడుతుంటే ఎంత తెలివైనవాడైనా ఏం చేస్తాడు? నిజమేననుకున్నాడు. చెయ్యెత్తి ఊపాడు కూడా. ప్రతి "ఇన్"కీ చప్పట్లు. ఆ చప్పట్లు బ్రేకమ్మకి చెంపదెబ్బల్లా తగిలాయి. రోడ్డు మీద పడ్డ బంతితో ఆయన మ్యాచ్ గెలిచాడు.

నెట్ దగ్గర చెయ్యి కలుపుతూ అన్నాడు, "గీత దగ్గర ఇంత నిజాయితీగా ఉండే ప్లేయర్ని నేనెక్కడా చూళ్ళేదమ్మా."

ఆవిడ నోట మాట రాలేదు. నోటికి బ్రేకు లేని మనిషికి ఆ ఒక్కసారి పడింది.

చెక్కు ఇచ్చాడు. ఫోటోలు తీశారు. బట్టలు మార్చుకునే గదిలో బావగారు తలుపు దగ్గరే నిలబడి, "ఒక్క బంతి కోసం మొత్తం క్లబ్బుని ముంచేదానివి తెలుసా?" అన్నాడు.

"డబ్బు వద్దన్నానా నేను? బంతి లోపల పడిందని చెప్పి తీసుకోమన్నాను."

"చెప్తే ఇచ్చేవాడా?"

"మీరు చెప్పి చూశారా బావగారూ?"

ఆ "మీరు"కీ ఆ "గారు"కీ ఆయన ఉలిక్కిపడ్డాడు. అన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని అలా పిలిచింది లేదు. అక్క వెనకనుంచి వచ్చి, "పోనివ్వవే, క్లబ్బు నిలబడింది కదా, నీ కోసమే కదా ఇదంతా," అంది.

"నా కోసమని చెప్పకు అక్కా. ఏమైనా అను గానీ అది మాత్రం అనకు," అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

లీజు పొడిగించారు. గేటు మీద టైల్స్ షోరూం పేరుతో కొత్త బోర్డు లేచింది. అందరూ మళ్ళీ ఆడటం మొదలెట్టారు, కానీ ఆట సాగదే! ఎవరు "అవుట్" అన్నా రెండోవాళ్ళు నెట్ దాటి వచ్చేస్తున్నారు. గుర్తు చూపించినా, అది వేరే బంతి గుర్తంటున్నారు. "ఆ రోజు మీ కళ్ళు ఎలా పనిచేశాయో చూశాంలెండి" అని ఒకడంటే, "తమరు మాత్రం?" అని ఇంకొకడు. నిన్నటిదాకా ఒకే తువ్వాలుతో చెమట తుడుచుకున్నవాళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. చివరికి కమిటీ ఆ మ్యాచ్ టిక్కెట్ల డబ్బుతో ఎత్తు కుర్చీ ఒకటి కొంది. ఆ క్లబ్బు పుట్టాక అంపైరు కుర్చీ రావడం అదే మొదలు.

ఒక సాయంత్రం బ్రేకమ్మ తన గంటకి వచ్చి గేటు దగ్గర ఉండగానే, ఆడుతున్న బావగారూ పళ్ళ డాక్టరూ గీత దగ్గర వంగి అరుచుకోవడం మొదలెట్టారు. పక్కపక్కన రెండు గుర్తులు, ఒకటి గీత మీద, ఒకటి బయట.

"ఇదిగో, వచ్చింది! తను అబద్ధమాడదు," అన్నాడు డాక్టరు. "చెప్పమ్మా, ఇందాక గేటు దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నావుగా. అసలు రోజూ ఆ గంట నువ్వు కుర్చీలో కూర్చుంటే మా అందరికీ గొడవ వదుల్తుంది."

ఆవిడ చూసింది, నిజమే. తన గంట! ఆ గంట కూడా పక్క సీట్లో కూర్చుని వీళ్ళ తప్పులకి బ్రేకులు తొక్కాలా?

"బంతి మీ వైపు పడింది బావగారూ. మీరే చెప్పండి. మీరు చెప్పేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

ఆటలు ఆగిపోయాయి. అందరూ చూస్తున్నారు. బావగారు కళ్ళజోడు తీయబోయి, ఆవిడ చూపు చూసి మానేశాడు.

"లోపలే," అన్నాడు. నేల వైపు చూస్తూ, "ఆ రోజుది కూడా," అన్నాడు.

"అది అందరికీ తెలిసిందేలే," అన్నాడు డాక్టరు, తేలిగ్గా.

"తెలుసుగా! అయితే ఎవరో ఒకరు వెళ్ళి ఆయనతో చెప్పండి. ఆయన ఇప్పటికీ తను గెలిచాననుకుంటున్నాడు."

బావగారి చూపు గేటు మీది బోర్డు దాకా వెళ్ళి వచ్చింది.

"ఇప్పుడెందుకమ్మా," అన్నాడు మెల్లగా. "డబ్బు వెనక్కి అడిగితే?"

"అడిగితే మళ్ళీ కార్లు కడుగుదాం! నేను కడుగుతాను!" అరిచిందావిడ. "ఆయనతో చెప్పే దమ్ము లేనప్పుడు నాతో ఎందుకు చెప్తున్నారు? నాకు తెలీదనా?"

ఆవిడ రాకెట్ తీసుకుని కోర్టులోకి దిగింది. "సరే, నా గంట గడిచిపోతోంది. ఆ రోజు అవుట్ అననివాళ్ళెవరైనా ఉంటే రండి, ఆడదాం."

బావగారు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. డాక్టరు బూటు లేసు కట్టుకోవడం మొదలెట్టాడు. బెంచీ మీద అక్క తలెత్తి చెల్లెలి వైపు చూసి మళ్ళీ దించుకుంది. ఏమీ అననిదానికీ ముందుకు రావడానికి మొహం చెల్లలేదు.

క్లబ్బు మూతపడితే ఆ గంట పోతుందని ఆవిడ భయపడింది. క్లబ్బు తెరిచే ఉంది. గంటా అలాగే ఉంది. బేస్‌లైన్ మీదికి వెళ్ళి, చేతిలో బంతితో, నెట్ అవతల ఎవరూ లేని కోర్టు వైపు చూస్తూ ఆవిడ ఆ గంటంతా అక్కడే నిలబడింది.