ముక్కలన్నీ చేరాయి

జుట్టు నెరిసేదాకా అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో ఎకానమీ చెప్పిన జగన్మోహన్ సార్ తన క్లాసులోకి కెమెరాను ఏనాడూ రానివ్వలేదు. పాఠాన్ని డబ్బాలో పెడితే హాల్లోకి ఎవడొస్తాడని ఆయన వాదన. పిల్లల ఫోన్లు కూడా గుమ్మం దగ్గరి బుట్టలో పడాల్సిందే. మొండిమనిషే గానీ, తప్పు చెప్పినవాణ్ణి ఎన్నడూ తిట్టి ఎరగడు. "మళ్ల చెప్త, ఇను" అనేవాడు. అలాంటి మనిషికి గొంతులోనే పుండు లేచింది. ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదన్నారు డాక్టర్లు.

అప్పుడు దిగొచ్చాడు. ఆపరేషన్‌కు ముందు ఒక మారథాన్ క్లాసు పెట్టాడు. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకు సిలబస్ అయిపోవాలి. సెంటర్‌లో రికార్డింగ్ పని చూసుకునే మాధురిని పిలిచి ఒకటే మాట చెప్పాడు.

"నడుమల ఆపకు బిడ్డా. తెంపితే పాఠం తెగుతది."

మాధురి ఆపలేదు. సర్కారు కొలువు కోసం ఊరి నుంచి వచ్చి, పరీక్షలు రాసి రాసి, ఆ సెంటర్‌లోనే కెమెరా పట్టుకున్న పిల్ల ఆమె. మిగతా సార్ల క్లాసులను గంటకో ఫైలుగా క్లౌడ్‌లోకి పంపేది. సార్ పాఠం మాత్రం కొండంత ఒకే ఫైలైంది. ఒకేసారి పంపే ఫైలుకు క్లౌడ్‌లో ఒక హద్దుంది. అది దాటితే ముక్కలు చేసి పంపాలి, అన్నీ చేరాక వాటిని కలపమని చివరి ఆజ్ఞ ఇవ్వాలి. ముక్కలు చేసి పంపింది గానీ, చిన్న ఫైళ్లకు అలవాటుపడ్డ చేతికి ఆ చివరి మెట్టు తెలియదు. ముక్కలన్నీ చేరాయని తెర మీద కనబడగానే ఆమె ప్రాణం కుదుటపడింది. మర్నాటి క్లాసుకు కావాలి కదా అని, రోజూ చేసినట్టే కెమెరా కార్డును చెరిపేసింది.

కలపని ముక్కలు క్లౌడ్‌కు చెత్తే. సగంలో ఆగిన అప్‌లోడ్లను వారం దాటితే ఊడ్చెయ్యమని ఎప్పుడో సెట్టింగు పెట్టింది కూడా మాధురే. సార్ ఆసుపత్రిలో ఉండగా ఆ చీపురు తన పని తాను చేసుకుపోయింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే మరి.

నారాయణగూడ హాస్టళ్ల పిల్లలు పాఠం ఎప్పుడొస్తుందని అడిగితే లింకు కోసం వెతికింది. లేదు. క్లౌడ్ వాళ్లకు మొరపెట్టుకుంటే, పోయింది తిరిగి రాదని జవాబొచ్చింది.

సార్ ఇంటికొచ్చాడని తెలిసి చిక్కడపల్లి వెళ్లింది. మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు, మెడకు కట్టు, కట్టులో గొట్టం. ఆమెను చూడగానే కళ్లు మెరిశాయి. భార్య ప్రభావతి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"పొద్దటి నుంచి నీకోసమే చూస్తున్రు. జర ఆ పాఠం పెట్టమ్మా. ఇన్నేండ్లల్ల నేను గూడ ఒక్కనాడు ఇనలే."

మాధురి మంచం పక్కకొచ్చి నిలబడింది.

"లేదు సార్. పోయింది. నేనే పోగొట్టిన."

ప్రభావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సార్ మాధురి వైపు చూశాడు. తప్పు చెప్పినవాణ్ణి చూసే చూపే అది. తర్వాత, అలవాటు ఎక్కడికి పోతుంది, పెదాలు కదిపాడు. ఆ మాటేమిటో ఆమెకు తెలుసు. మెడలోని గొట్టం నుంచి గాలి మాత్రమే వచ్చింది.