నాలుగో తరగతి పాల జెండా

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు పాల టీచరు నాలుగో తరగతి ముందు నిలబడి తన తప్పు ఒప్పుకుంది. ఇంటర్వెల్ బెల్లు కొట్టేసరికి ఆమె అక్క కూతురు సంచీ తీసుకుని బడి గేటు దాటి వెళ్లిపోయింది.

పాల టీచరు నిజానికి టీచరు కాదు. పాల సంఘం తరఫున బడులకు వెళ్లి పాలు, పెరుగు వల్ల మేలేమిటో చెప్పడం, తినే ముందు పిల్లల చేత చేతులు కడిగించడం ఆమె ఉద్యోగం. ఆ పేరు పిల్లలు పెట్టింది. పాలు తాగినవాళ్లు ఖాళీ గ్లాసును ట్రేలో బోర్లించాలి. అన్ని గ్లాసులూ బోర్లించిన తరగతి తలుపుకు ఆ వారమంతా నీలం జెండా కడతారు. ఈ పద్ధతి ఆమె పెట్టింది.

అక్క బట్టలు కుడుతుంది. ఆ నాలుగో తరగతిలోనే చదివే ఆమె కూతురిని ఇంట్లో బుడంకాయ అంటారు. పాలు తాగితే పిల్లకు కడుపు ఉబ్బుతుందని అక్క మొదట్లోనే చెప్పింది.

"దానికి కాదే, నీకే పడవు. నువ్వు మొహం చిట్లిస్తే అదీ చిట్లిస్తుంది," అంది చెల్లెలు.

"నాన్న కూడా ముట్టేవాడు కాదు కదే."

"నాన్న కాకరకాయ కూడా ముట్టేవాడు కాదు. అదీ జబ్బేనా? రోజూ కొంచెం అలవాటు చెయ్యి. అదే సర్దుకుంటుంది."

అక్క మళ్లీ కుట్టుమిషను తొక్కడం మొదలుపెట్టింది. ఇంట్లో చదువుకున్నది చెల్లెలే.

పిల్ల తన దారి తను చూసుకుంది. బడిలో గ్లాసును పక్కనున్న స్నేహితురాలి వైపు జరిపేది. ఆ పిల్ల రెండూ తాగి, రెండూ బోర్లించేది. క్లాసు టీచరు చూసీచూడనట్టు ఊరుకుంది. జెండా నాలుగో తరగతి తలుపుకే ఉండేది.

ఆ సోమవారానికి ముందు గురువారం పాల సంఘం ఫొటోగ్రాఫరు వచ్చాడు. అతని పక్కన నిలబడ్డ పాల టీచరు గ్లాసు జరగడం చూసింది.

"ఏయ్ దొంగా! పిన్ని ముందేనా నీ వేషాలు? తాగు."

"పిన్నీ, ఇవాళ వద్దు."

"రేపూ ఇదే అంటావు. ఊఁ, గటగటా తాగెయ్. బంగారుకొండవి కదూ."

పిల్ల తాగింది. ఫొటో తీశారు. లెక్కల పీరియడ్‌లో కడుపు పట్టుకుని లేచింది. మరుగుదొడ్డి దాకా వెళ్లలేకపోయింది. వరండాలో ఎవరూ లేరు. క్లాసు టీచరు ఆమెను కడిగి, ఆటల గదిలో ఉన్న గౌను తొడిగి, పిల్లకు జ్వరమని తరగతికి చెప్పి ఇంటికి పంపింది. తరగతి నమ్మింది.

శనివారం అక్కాచెల్లెళ్లు పిల్లను డాక్టరుకు చూపించారు.

"పాలల్లో ఒక రకం చక్కెర ఉంటుంది. కొందరికి అరగదు. భయపడాల్సిందేమీ లేదు," అన్నాడు డాక్టరు. "పెరుగు కొంచెం కొంచెం పెట్టి చూడండి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"మా నాన్నకి," అంది అక్క. చెల్లెలు తల దించుకుంది.

బయటికొచ్చాక, "సోమవారం నేను వెళ్లి సరిచేస్తాను," అంది.

"ఏం సరిచేస్తావే? ఎవరికీ తెలీదు. వదిలెయ్."

"ఇదొక్కతే కాదక్కా. అలాంటి పిల్లలు ఇంకెంతమంది ఉన్నారో."

సోమవారం ఆమె తలుపుకున్న జెండా విప్పేసింది. పేగుల బొమ్మ ఉన్న చార్టు గోడకు తగిలించింది. పాలు పడనివాళ్లు సిగ్గుపడక్కర్లేదని చెప్పింది. ఉదాహరణ లేకుండా పాఠం చెప్పే అలవాటు ఆమెకు లేదు.

"మన బుడంకాయనే తీసుకోండి," అంది.

ఆ పేరు అంతవరకు బడిలో ఎవరికీ తెలియదు. గురువారం వచ్చింది జ్వరం కాదని, తనే బలవంతంగా తాగించానని, వరండాలో జరిగినదానిలో పాప తప్పేమీ లేదని ఆమె చెప్పింది. అందరి ముందు తనను క్షమించమని పిల్లను అడిగింది.

వెనక బెంచీలో ఒకడు ముక్కు మూసుకున్నాడు. పక్కవాడు నవ్వాడు.

మర్నాడు పిల్ల బడికి వెళ్లనంది. సాయంత్రం పిన్ని వస్తే లోపలి గది తలుపు వేసుకుంది.

"ఒక్కసారి తియ్యమ్మా. పిన్నిని."

"అందరికీ చెప్పేశావు."

"నిన్నెవరూ ఏమీ అనకూడదనే చెప్పానమ్మా."

"ఎవరూ ఏమీ అనలేదు. నువ్వు చెప్పాకే అన్నారు."

పిన్ని తలుపు దగ్గర కూర్చుంది. అక్క మిషను ఆపి, "ఇంక లే, ఇంటికెళ్లు," అంది. గొంతు పెంచలేదు.

ఆ వారమంతా పిల్ల ఇంట్లోనే ఉంది. పాల టీచరు పాల సంఘం మేనేజరును కలిసి ఆ బడి నుంచి తనను మార్చమంది.

"అక్కడ నీకు మంచి పేరుంది కదమ్మా?" అన్నాడు మేనేజరు.

దూరమవుతోందని చెప్పింది. బడి ఆమె ఇంటి వెనక వీధిలోనే ఉంది.

ఇప్పుడు అక్కడికి మరొకామె వెళ్తోంది. జెండా లేదు. పాలు వద్దన్నవాళ్లకు పెరుగు ఇస్తారు, అదీ వద్దంటే ఊరుకుంటారు.

తర్వాతి బుధవారం తల్లితో కలిసి పిల్ల బడికి వచ్చింది. గేటు దగ్గర ఆగి, పిన్ని వస్తుందా అని క్లాసు టీచరును అడిగింది. ఇంక రాదని టీచరు చెప్పింది. తల్లి చెయ్యి వదిలి పిల్ల లోపలికి వెళ్లింది.