సగం అతికిన వార్పు

మగ్గం మీద నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పరుగెడుతోంది. గుంతలో ఈరన్న కాళ్ళు తొక్కుడు కర్రల మీద తీరిక లేకుండా ఆడుతున్నాయి. మామూలుగా అయితే ఈ వేళకు ఒకసారి లేచి, వీధి కొసన టీ తాగి, నలుగురితో నాలుగు మాటలాడి వచ్చేవాడు. ధర్మవరంలోని ఆ వీధిలో నిదానానికి ఈరన్న పెట్టింది పేరు. ఈరన్నకు ఇస్తే పెండ్లికి అనుకున్న చీర సీమంతానికి చేతికొస్తుందని అందరూ ఎగతాళి చేస్తారు. అలాంటి మనిషి ఆదివారం నుంచి ఎవరో తరుముకొస్తున్నట్టు నేస్తున్నాడు.

మగ్గం మీదున్న వార్పు, ఆ నిలువు పోగుల చుట్ట, ఈరోజు పొద్దున్నే అయిపోవాలి. అదీ అతని ఆరాటం.

ఈ సాయంత్రం రైలుకు అతని భార్య అంబుజ వెళ్ళిపోతోంది. బెంగళూరు చేరి, తెల్లవారుజామున విమానమెక్కి మాల్దీవులకు. సముద్రం మధ్య ఏదో చిన్న దీవిలో లెక్కల టీచరు ఉద్యోగం. బి.ఎస్సీ., బి.ఎడ్. చదివి, ఇన్నేళ్ళూ ప్రైవేటు బళ్ళలో లెక్కలూ, హిందీ, డ్రాయింగూ, ఎవరు రాకపోతే వాళ్ళ పాఠమూ చెప్పుకుంటూ వచ్చింది. బెంగళూరులో ఇంటర్వ్యూ చేసినాయన లేచి నిలబడి “కూర్చోండి మేడమ్” అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి చెబుతున్నప్పుడు ఆమె మొహం వెలిగిన తీరు ఈరన్న పెండ్లినాడు కూడా చూడలేదు.

వద్దనడానికి అతనికి నోరు రాలేదు. ఏ మొహం పెట్టుకుని అంటాడు?

ఒక వార్పు అయిపోతే, దాని కొసలకు కొత్త వార్పు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఎంత వాటమైన చేతికైనా ఒక పగలంతా పడుతుంది. ఆ ఇంట్లో అది అంబుజ పని. అత్త బాలనాగమ్మ దగ్గరుండి నేర్పింది. నేర్పుతూనే ఒక కట్టుబాటూ పెట్టింది: మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి, మధ్యలో లేవకూడదు, ఇంకొకరి చెయ్యి పడకూడదు. రెండు చేతులు పడితే బిగువు మారి చీర పాడవుతుందని ఆమె నమ్మకం. పెండ్లైన కొత్తలో, సర్కారు టీచరు పరీక్ష నాడు కూడా కోడల్ని అలాగే కూర్చోబెట్టింది. అంబుజ పని ముగించి పరుగున అనంతపురం చేరేసరికి గేటు మూసేశారు. తర్వాత రాసినవి కలిసిరాలేదు. వయసు దాటిపోయింది. ఆనాడు ఈరన్న గడపలో నిలబడి చూస్తూ ఊరుకున్నాడు. తల్లి పోయినా కట్టుబాటు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఈరోజు అతను దాన్నే నమ్ముకున్నాడు.

చీర కోసి మడిచి, గుంతలోంచి లేచాడు.

“వార్పు అయిపోయిందిమ్మే,” అన్నాడు, గోడకేసి చూస్తూ.

పెట్టెకు తాడు బిగిస్తున్న అంబుజ తలెత్తి మగ్గం వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. కొంగు నడుముకు దోపుకుని, చిప్పలో ఇంత బూడిద పోసుకుని మగ్గం ముందు కూర్చుంది. వేళ్ళు జారకుండా బూడిద అద్దుకుంటూ పోగుకు పోగు కలపడం మొదలుపెట్టింది.

ఈరన్న ప్రాణం కుదుటపడింది. వెంటనే సిగ్గేసింది కూడా. అయినా పోయి టీ తాగాడు.

“ఏమబ్బా, టీచరమ్మ ఈ పొద్దే పోతాందంట?” అడిగాడు టీకొట్టు నల్లప్ప.

“చూస్తాం,” అన్నాడు ఈరన్న.

మధ్యాహ్నమైంది. బూడిద చేతులతో ఆమె తినలేదు. అతనే మజ్జిగ లోటా ఆమె నోటికి పట్టాడు. రెండు గుక్కలు తాగి, పోగుల మీద నుంచి చూపు తిప్పకుండానే అంది:

“నువ్వేమన్నా చెప్పాలంటే చెప్పు. చేతులకే పని, చెవులు ఖాళీగానే ఉండాయి.”

ఉండిపొమ్మని చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకు ఎవరున్నారని చెప్పాలి.

“ఏముండాది చెప్పేదానికి,” అన్నాడు.

ఆమె తల ఊపింది. మళ్ళీ చేతులు కదిలాయి.

ఎండ గోడ ఎక్కేసరికి పని సగం దాటింది, అంతే. అంబుజ జడలోంచి పక్కపిన్ను తీసి, తాను ఆపిన చోట పోగులకు పెట్టింది. లేచి చేతులు కడుక్కుంది.

“ఆటో పిలుచుకోని రాపో.”

“సగమే అయింది కదమ్మే. మధ్యలో లేయగూడదని అమ్మ...”

“ఆ పొద్దు లేసింటే బాగుండు,” అంది. గొంతులో కోపం లేదు. “ఈ పొద్దు లేస్తాండా.”

స్టేషనులో రైలు ఎక్కువసేపు ఆగలేదు. పెట్టె పైకెక్కించి, కిటికీ కింద నిలబడ్డాడు. హిందూపురంలో ఆమె తమ్ముడు ఎక్కుతాడు, బెంగళూరు దాకా తోడుంటాడు.

“పెనుకొండ దాటినాక తిను,” అన్నాడు ఈరన్న. “ఆ కిటికీ పక్కనే కూచో, గాలొస్తాది.”

“సరే,” అంది. రైలు కదిలింది.

మరునాడు పొద్దున్నే ఉలిగమ్మ వచ్చింది. ఆ వీధిలో కూలికి పోగులతికే మనిషి. ఇన్నేళ్ళలో ఈ ఇంటి మగ్గం తాకలేదు.

“నిన్ను ఎవురు రమ్మన్నారు?” అన్నాడు ఈరన్న.

“వదినేనన్నా. ఆదివారం రాత్రే చెప్పింది. మీ అన్న వార్పును తరుముతాండాడు, బేస్తవారం నేను మధ్యలో లేస్తా, పక్కరోజు నువ్వొచ్చి అందుకో అనింది. మగ్గం పండబెట్టొద్దు అనింది.”

ఈరన్న గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఆదివారం నుంచీ ఆమెకు తెలుసు. తెలిసే కూర్చుంది. తెలిసే, చెప్పేదుంటే చెప్పమంది. కండ్లు తుడుచుకున్నాడు, ఉలిగమ్మ చూస్తుందని కూడా అనుకోలేదు.

ఉలిగమ్మ బూడిద చిప్ప దగ్గరికి జరుపుకుని, పోగుల మీదికి వంగింది.

“ఈ పిన్ను తీసేదా అన్నా?”

“ఉండనీ,” అన్నాడు. “దాని పక్క నుంచి అతుకు.”

ఎర్రటి పట్టు పోగులను కరుచుకుని నల్లటి పక్కపిన్ను, దాని మీద బూడిద అంటిన రెండు వేలి గుర్తులు.